15 వేల జీతం నుంచి సర్వీస్ బుక్ దాకా: జేపీఎస్‌గా నా అనుభవం

పోయిన వారం కాంట్రాక్ట్ మీద పనిచేస్తున్న ఒక చెల్లె ఫోన్ చేసింది. "అక్కా, నువ్వు పర్మనెంట్ అయినవ్ కదా, ఏమేం కాగితాలు అడిగిన్రు, జీతం ఎంత పెరిగింది" అని అడిగింది. కాగితాల సంగతి చెప్పిన. జీతం సంగతి వచ్చేసరికి నిజం చెప్పాల్నా వద్దా అని ఒక నిమిషం ఆగిన, ఎందుకంటే ఆ పిల్ల మస్తు ఆశతోని అడిగింది. పర్మనెంట్ కాకముందు ఆఖరి నెల నా అకౌంట్ల పడ్డది 28,500 చిల్లర. పర్మనెంట్ అయినంక మొదటి పూర్తి నెల పడ్డది దానికంటే మూడు నాలుగు వందలు తక్కువ. స్లిప్పులు రెండూ నా దగ్గరనే ఉన్నయ్. ఇదంతా ఎట్ల అయిందో మొదటి నుంచి రాస్త, పొడుగైతది, ఓపిక ఉన్నోళ్లు చదవండి.

నేను జూనియర్ పంచాయతీ కార్యదర్శిగ చేరిన, అందరు జేపీఎస్ అంటరు. తెలంగాణల 2018 ఆగస్టు ఆఖర్ల నోటిఫికేషన్ పడ్డది, 9,355 పోస్టులు. అప్పుడే కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చింది, తండాలు గూడేలు కూడ పంచాయతీలు అయినయ్, రాష్ట్రంల పంచాయతీలు 12,700 దాటినయ్, ఊరికి ఒక కార్యదర్శి ఉండాలె అని తీసుకున్నరు. మూడేండ్లు ప్రొబేషన్, నెలకు 15,000, తర్వాత పని మంచిగుంటే రెగ్యులర్ చేస్తరు అని నోటిఫికేషన్‌లనే ఉంది. అంటే తెలిసే చేరినం. తెలిసే చేరిన్రు కదా అని తర్వాత మమ్మల్ని చానామంది అన్నరు, నిజమే, కానీ డిగ్రీ అయిపోయి మూడేండ్లు హాస్టల్ల ఉండి కోచింగ్‌కు బాపు అప్పు చేసి పంపుతుంటే 15 వేలు అనే అంకె తక్కువ అనిపియ్యది, ముందు లోపలికి పోదాం అనిపిస్తది.

అక్టోబర్ 10న పరీక్ష అయింది, ఒక్కరోజే రెండు పేపర్లు, తప్పుకు పావు మార్కు కోత. తర్వాత ఎన్నికలు, కేసులు, అన్ని దాటుకొని 2019 ఏప్రిల్ రెండో వారంల జాయినింగ్ ఇచ్చిన్రు. జాయినయ్యే రోజు స్టాంపు పేపర్ మీద బాండ్ రాసిచ్చినం. సమ్మెలు చెయ్యను, యూనియన్ల చేరను అని అండ్ల ఉంది. నేను పూర్తిగ చదవలే. మా బాపు బయట చెట్టు కింద కూసోని ఎదురు చూస్తున్నడు, లోపల క్లర్క్ సారు తొందర పెడుతున్నడు, చూపించిన కాడల్ల సంతకాలు పెట్టిన. నాలుగేండ్ల తర్వాత ఆ కాగితమే మా ముందుకు వచ్చింది, అది తర్వాత చెప్త. కానీ ఇది చదివే పిల్లలు ఎవరైనా ఉంటే ఏ కాగితమైనా చదవకుండ సంతకం పెట్టకుండ్రి, కనీసం ఫోన్ల ఒక ఫోటో తీసుకోండి.

నాకు వచ్చిన ఊరు మండల కేంద్రానికి 11 కిలోమీటర్లు, పొద్దుగాల బస్సు లేదు. మండలంల చిన్న గది కిరాయికి తీసుకున్న, 2,500. స్కూటీ కిస్తీల మీద తీసుకున్న, నెలకు 2,900. పెట్రోల్ రెండు వేలు దాటేది. జిరాక్సులు, ప్రింట్లు, ఫోన్ రీచార్జి, మీటింగులకు జిల్లా కేంద్రం పోతే బస్సు కిరాయి, అన్ని మనయే. మొదటి జీతం మూడు నెలలకు వచ్చింది, ఆ మూడు నెలలు బాపు దగ్గరనే అడిగి తెచ్చుకున్న. ఉద్యోగం వచ్చినంక కూడ ఇంటి నుంచి పైసలు తెచ్చుకోవుడు ఎంత కష్టంగ ఉంటదో అది అనుభవించినోళ్లకే ఎరుక. ఊరంత "బిడ్డకు గవర్నమెంట్ నౌకరి వచ్చింది" అని దావత్ అడుగుతున్నరు, బాపు మాత్రం నాకు పైసలు పంపెటందుకు సొసైటీల తీసుకున్న అప్పు కట్టకుండ ఆపిండు.

పని సంగతి అయితే ఇగ చెప్పరాదు. 2019 సెప్టెంబర్ 6న పల్లె ప్రగతి, అంటే ఊర్లను శుభ్రంగ పచ్చగ చేసే సర్కారు కార్యక్రమం, మొదలైంది, ముందు 30 రోజుల ప్రణాళిక అన్నరు. నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం (శ్మశానం), పల్లె ప్రకృతి వనం, ట్రాక్టర్, ఇవన్ని ఒక్కొక్కటి వచ్చి మా మీదనే పడ్డయ్. చట్టంల నాటిన మొక్కలల్ల 85 శాతం బతకాలె అని ఉంది, బతకకపోతే బాధ్యత కార్యదర్శి మీద. పొద్దుగాల ఆరింటికి ఊర్ల ఉండాలె, చీపుర్లు పట్టుకున్న సఫాయి కార్మికుల దగ్గర నిలబడి ఫోటో, మోరీల దగ్గర ఫోటో, బడి దగ్గర, అంగన్‌వాడీ దగ్గర ఫోటో, అవి యాప్‌ల ఎక్కించాలె, డీఎస్ఆర్ అంటరు దాన్ని, రోజువారీ పారిశుధ్య రిపోర్టు అన్నట్టు. సిగ్నల్ ఉండదు. వాటర్ ట్యాంకు ఎక్కి అప్‌లోడ్ చేసిన రోజులు చానా ఉన్నయ్. లొకేషన్ కొంచెం పక్కకు చూపిస్తే వాట్సాప్ గ్రూపుల అందరి ముందల పేరు పెట్టి అడుగుతరు.

2020 మార్చిల ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్లు సమ్మె చేస్తే వాళ్లను తీసేసిన్రు, ఆ పని కూడ మాకే వచ్చింది. మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు), కూలీల కొలతలు, జాబ్ కార్డులు. వాళ్లను మళ్ల 2022ల తీసుకున్నరు, అప్పటిదాక రెండేండ్లు పైన ఒక్క జీతం మీద రెండు పనులు. పొద్దుగాల సఫాయి చూసుకొని ఎనిమిదింటికి చెరువు కాడికి పోవాలె, మస్టర్ రాయాలె, మళ్ల పంచాయతీ ఆఫీసుకు వచ్చి జనన మరణ సర్టిఫికెట్లు, ఇంటి పన్ను, తీర్మానాలు. అప్పుడే కరోనా. బ్లీచింగ్ చల్లించుడు, హైపోక్లోరైట్ కొట్టించుడు, బయటి నుంచి వచ్చినోళ్ల ఇండ్ల దగ్గరికి పోయి పేర్లు రాసుకొనుడు, మా ఊర్ల మొదటి కేసు వచ్చిన ఇంటికి ముందు పోయింది నేను, మా ఆశా అక్క. ఆమెకు నాకంటే ఇంకా తక్కువ జీతం, ఆ మాట రాయకపోతే పాపం తగులుతది.

15 వేలతోని పెండ్లి సంబంధాలు ఎట్లుంటయో కూడ చెప్త. అబ్బాయి తరఫువాళ్లు మొదట అడిగేది "పర్మనెంటేనా?" అని. ప్రొబేషన్ అండి, మూడేండ్లకు అయితది అని అమ్మ చెప్పేది. "అయితది అంటే రాసిచ్చిన్రా" అని ఒకాయన అడిగిండు. అమ్మ నా దిక్కు చూసింది, నేను బాండ్ గుర్తు చేసుకొని ఊకున్న. 2020 ఆఖరికి పెండ్లి అయింది, మా ఆయనకు మొబైల్ షాపు, పర్మనెంటా కాదా అని ఒక్కసారి కూడ అడగలే, అందుకే చేసుకున్న.

2021 జులై నుంచి జీతం 28,719 చేసిన్రు. ఆ రోజు మా గ్రూపుల సంబరం చూడాలె, ఒకామె ఏడ్చుకుంటనే వాయిస్ మెసేజ్ పెట్టింది. కానీ అదే జీవోల ప్రొబేషన్ మూడేండ్లు కాదు నాలుగేండ్లు అని చేసిన్రు. చేతిల పైసలు పెరిగినయ్ కాబట్టి అప్పుడు ఆ సంవత్సరం సంగతి ఎవ్వరం గట్టిగ పట్టించుకోలే. 28,719 ఏంది, రౌండ్‌గ 28 వేలో 29 వేలో ఎందుకు కాదు అని నాకు అనుమానం వచ్చి లెక్క చేసిన. గ్రేడ్ 4 కార్యదర్శి బేసిక్ 24,280. దానికి అప్పటి డీఏ (కరువు భత్యం) 7.28 శాతం అంటే 1,768. హెచ్ఆర్ఏ (ఇంటి కిరాయి భత్యం) 11 శాతం అంటే 2,671. కలిపితే సరిగ్గ 28,719. అంటే పర్మనెంట్ కార్యదర్శికి వచ్చే జీతమే మాకు ఇచ్చిన్రు, కాకపోతే ఆ రోజు దగ్గర ఆపేసిన్రు. 2022 జనవరిల రెగ్యులర్ వాళ్ల డీఏ 17.29 అయింది, 2023ల 20 దాటి 22.75 దాక పోయింది. మాకు అదే 28,719. ఇంక్రిమెంట్ లేదు, హెల్త్ కార్డు లేదు, బదిలీ అడిగే హక్కు లేదు. ఈ లెక్క మీరు కూడ మీ జీతానికి ఒకసారి వేసుకోండి, కన్సాలిడేటెడ్ అని, అంటే అన్ని కలిపి ఒక్కటే అని, ఇచ్చే అంకె వెనక సాధారణంగ ఒక స్కేల్ ఉంటది, అది తెలిస్తే ఏం అడగాల్నో తెలుస్తది.

2022 ఆగస్టుల బాబు పుట్టిండు. 2023 ఏప్రిల్ 11కు నాలుగేండ్లు నిండినయ్. రోజూ పొద్దున లేవంగనే గ్రూపు చూసుడు, ఏమన్న వచ్చిందా అని. ఏం రాలే. ఆఫీసుల అడిగితే పై నుంచి రావాలె అంటరు. ఏప్రిల్ 28 నుంచి సమ్మె అన్నరు.

నాకు ఆ ముందు రాత్రి నిద్ర పట్టలే. బాండ్ తీసి అప్పుడు పూర్తిగ చదివిన, సమ్మె చేస్తే తీసెయ్యొచ్చు అని సాఫ్‌గ ఉంది. అత్తమ్మ "వద్దు బిడ్డా, ఉన్నది పోతది" అన్నది. మా ఆయన మాత్రం "నాలుగేండ్లు అయితె చేస్తమన్నరు, నాలుగేండ్లు చేసినవ్, ఇంక నీ తప్పేముంది" అన్నడు. ఆ మాట పట్టుకొని పోయిన. టెంటు కింద ఎనిమిది నెలల బాబును ఒళ్లె పెట్టుకొని కూసున్న, ఎండలు దంచి కొడుతున్నయ్, మధ్యల ఒకరోజు గాలి దుమారం వచ్చి టెంటు లేచిపోతే అందరం కర్రలు పట్టుకొని నిలబడ్డం. బతుకమ్మ ఆడినం, అక్కడ్నే వంటావార్పు చేసినం. మా ఊరి సఫాయి కార్మికులు ఇద్దరు వచ్చి మజ్జిగ ప్యాకెట్లు ఇచ్చి పోయిన్రు, వాళ్ల జీతం అప్పుడు తొమ్మిది వేల లోపు.

మే 8న నోటీస్ వచ్చింది, 9వ తారీఖు సాయంత్రం ఐదింటి లోపల జాయిన్ కావాలె, లేకుంటే ఉద్యోగం పోయినట్టే అని. అండ్ల బాండ్ సంగతి రాసిన్రు, మీరే సంతకం పెట్టిన్రు కదా అని. ఆ రోజు టెంటు కింద ఎవ్వరు మాట్లాడలే, అందరి చేతులల్ల ఫోన్లే. నాలుగింటికి ఒకామె లేచి పోయింది, భర్త లేడు ఆమెకు, ఇద్దరు ఆడపిల్లలు. ఆమెను ఎవ్వరం ఒక్క మాట అనలే, నేను ఎంబడి పోయి బస్సు ఎక్కించి వచ్చిన. ఐదు దాటింది. నేను జాయిన్ కాలే. ధైర్యం ఉండి కాదు, లేచి పోదామంటే కాళ్లు రాలే. ఇంటికి పోయినంక బాబును పట్టుకొని ఏడ్చిన.

తర్వాత మళ్ల 13వ తారీఖు మధ్యాహ్నం పన్నెండు దాక అని ఆఖరి గడువు ఇచ్చిన్రు, ఆ రోజు సమ్మె విరమించినం. 16 రోజులు. చేతిల ఏ కాగితం లేకుండనే పోయి జాయినైనం. ఓడిపోయినమా గెలిచినమా తెల్వలే. పది రోజులు కాకముందే అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ రెగ్యులరైజ్ చేసే ప్రక్రియ మొదలు పెట్టమని చెప్పిండు అని వార్త వచ్చింది, పనితీరు చూసి చేస్తరు, జిల్లాకు ఒక కమిటీ, కలెక్టర్ అధ్యక్షుడు, అడిషనల్ కలెక్టర్, జిల్లా అటవీ అధికారి, పోలీసు అధికారి సభ్యులు.

ఇక్కడ చెల్లె అడిగిన కాగితాల సంగతి వస్తది. పదో తరగతి మెమో, డిగ్రీ సర్టిఫికెట్, కులం, స్టడీ సర్టిఫికెట్లు, అపాయింట్‌మెంట్ ఆర్డర్, జాయినింగ్ రిపోర్ట్, ఇవి ఒక సెట్. ఇంకొకటి పనిది, అదే అసలు కష్టం. నాలుగేండ్ల పన్ను వసూలు శాతం, నర్సరీల ఎన్ని మొక్కలు పెట్టినం, ఎన్ని బతికినయ్, డీఎస్ఆర్ ఎన్ని రోజులు ఎక్కించినం, వైకుంఠధామం డంపింగ్ యార్డు వాడకంల ఉన్నయా, ఆడిట్ అభ్యంతరాలు ఉన్నయా, పై సార్ల నుంచి సంజాయిషీ అడిగే మెమోలు వచ్చినయా. వీటికి మార్కులు. 70 దాటితే రెగ్యులర్, దాటకపోతే ఇంకా ఆరు నెలలు చూస్తరు అన్నరు.

నాకు రెండు చోట్ల భయం ఉండె. ఒకటి 2021 ఎండాకాలం నర్సరీ బోరు ఎండిపోయి సగం మొక్కలు పోయినయ్, సర్పంచ్ గారితోని ట్యాంకర్ కోసం తీర్మానం చేపిచ్చిన కానీ అది పదిహేను రోజులు ఆలస్యమైంది. రెండోది బాబు పుట్టినప్పుడు సెలవుల ఉన్న రోజులు యాప్‌ల ఖాళీ కనబడుతున్నయ్, పక్క ఊరి కార్యదర్శి ఇంచార్జ్‌గ ఉండి తన లాగిన్ల ఎక్కించిండు, నా పేరు మీద రాలే. మొదటిదానికి నన్ను కాపాడింది ఒక నోట్‌బుక్. నాకు మొదటి నుంచి రోజుకు రెండు లైన్లు రాసుకొనే అలవాటు, ఏ తారీఖు బోరు ఆగింది, ఏ తారీఖు ఎవరికి ఫోన్ చేసిన, ఏ తారీఖు ట్యాంకర్ వచ్చింది అన్ని ఉన్నయ్. చూడ వచ్చిన సారు ఆ పేజీలు ఫోటో తీసుకున్నడు. రెండోదానికి మా మండల పంచాయతీ అధికారి సారు సెలవు మంజూరు కాగితం జత చేసి లెటర్ రాసిచ్చిండు. అందరికి అట్ల రాసిచ్చే సార్లు దొరకలే. నాతోని పని చేసిన ఒక తమ్ముడు నాకంటే ఎక్కువ పని చేస్తడు, కానీ ఒక పాత మెమోకు జవాబు ఇచ్చినట్టు కాగితం దొరకక మొదటి లిస్టుల పేరు రాలే. జవాబు ఇచ్చిండు, నేనే చూసిన, కానీ అందినట్టు ముద్ర ఏపిచ్చుకోలే. దయచేసి ఏ కాగితం ఇచ్చినా రెండో కాపీ మీద ముద్ర, తారీఖు వేయించుకోండి, ఆఫీసుల వాళ్లు కోపానికి వచ్చినా సరే.

మొక్కలు చూసే రోజు రోడ్డు పొంట నడుసుకుంట ఒక్కొక్క చెట్టు లెక్క పెట్టిన్రు. నేను పెట్టించిన కానుగ చెట్లు అప్పటికే నా తల దాటినయ్. ఆ రోజు నాకు పరీక్ష లెక్క అనిపియ్యలే, మా పిల్లలను ఎవరో చూడ వచ్చినట్టు అనిపించింది.

లిస్టుల పేరు వచ్చింది. గ్రేడ్ 4 పంచాయతీ కార్యదర్శి అని ఆర్డర్ చేతికి ఇచ్చిన్రు. నేను నేరుగ బాపు దగ్గరికి పోయిన, పొలంల ఉన్నడు, చేతులు కడుక్కొని తుడుసుకొని అప్పుడు పట్టుకున్నడు కాగితం. చదువు రాదు ఆయనకు, ముద్ర మీద వేలు పెట్టి చూసుకున్నడు.

తర్వాత పనులు చకచకా అయినయ్. సివిల్ సర్జన్ దగ్గర మెడికల్ ఫిట్‌నెస్, సీపీఎస్‌కు (నెల నెలా జీతంల కోసి జమ చేసే పింఛను పథకం) ప్రాన్ నంబర్ అంటే ఆ పింఛను ఖాతా నంబర్, ఎంప్లాయీ ఐడీ, సర్వీస్ బుక్. సర్వీస్ బుక్ మొదటి పేజీల పుట్టుమచ్చలు రాస్తరు, ఎత్తు రాస్తరు, వేలిముద్రలు తీసుకుంటరు. ముద్రలు పడుతుంటే నా చెయ్యి వణికింది.

ఇగ ఆ జీతం లెక్క. పర్మనెంట్ అయిన మొదటి నెల బేసిక్ 24,280, అప్పటి డీఏ 22.75 శాతం 5,524, హెచ్ఆర్ఏ 2,671, మొత్తం 32,475. దీంట్ల సీపీఎస్‌కు బేసిక్ డీఏ కలిపి 10 శాతం, 2,980 పోతది. వృత్తి పన్ను 200. ఇన్సూరెన్సులు రెండు, అవి వెయ్యి పైన. పోంగ అప్పుడు చేతికి వచ్చింది 28 వేల చిల్లర. ముందు 28,719ల వృత్తి పన్ను ఒక్కటే పోయేది. సీపీఎస్ పైసలు మనయే, సర్కారు వాటా కూడ కలుస్తది, అది నేను కాదనను, కానీ అవి అరవై ఏండ్లు దాటినంక ముచ్చట, పాల ప్యాకెట్లు ఇయ్యాల కొనాలె. అందుకే చెల్లెకు చెప్పిన, పర్మనెంట్ అయిన మొదటి నెల ఖర్చు పెంచుకోకు, కొత్త కిస్తీ ఏది పెట్టుకోకు, కనీసం ఒక ఏడాది ఆగు.

ఇంకొకటి, 2024 ఫిబ్రవరిల సర్పంచ్‌ల పదవీ కాలం అయిపోయి స్పెషల్ ఆఫీసర్ల పాలన వచ్చినంక పంచాయతీలకు నిధులు కష్టమైనయ్. ట్రాక్టర్ డీజిల్, వీధి లైట్లు, మోటార్ కాలితే రిపేర్, ఊరు ఆగదు కదా, ముందు మేమే పెట్టుకున్నం. నేను రాసుకున్న లెక్క ప్రకారం ఒక టైంల 60 వేల పైన నా పైసలు ఊర్ల ఉన్నయ్. కొన్ని వచ్చినయ్, కొన్ని ఇంకా రావాలె. పర్మనెంట్ అయిన ఉద్యోగి అప్పు తెచ్చి డీజిల్ పోయించుడు గురించి బయటోళ్లకు చెప్తే నమ్మరు.

అయినా పర్మనెంట్ కావుడు చిన్నది అని అంటలేను. బ్యాంకుల లోన్ అడిగితే ఇప్పుడు కూసోబెట్టి మాట్లాడుతరు. రాత్రి ఫోన్ మోగితే ఉద్యోగం పోయిందేమో అనే గుబులు లేదు. డీఏ పెరిగితే నాకు కూడ పెరుగుతది, ఏడాదికి ఒక ఇంక్రిమెంట్, ఏడు వందల చిల్లర, బేసిక్‌ల కలుస్తది. నా బాధ ఒక్కటే, ఆ నాలుగేండ్లు. సర్వీస్ బుక్‌ల నా సర్వీస్ 2023 నుంచి మొదలైంది. పల్లె ప్రగతి, కరోనా, ఉపాధి హామీ మస్టర్లు, నా చేతుల మీద పెరిగిన చెట్లు, అన్ని అంతకు ముందటియి. ఆ నాలుగు ఇంక్రిమెంట్లు లేవు, సీనియారిటీ లేదు, రేపు ప్రమోషన్ లెక్కల ఆ ఏండ్లు కనబడయ్. 2019 నుంచి లెక్క కట్టాలె అని మేం అడుగుతనే ఉన్నం, వినతిపత్రాలు ఇస్తనే ఉన్నం.

మా బ్యాచ్ వాళ్లు ఎవరైనా ఇది చదివితే, మీ 2019 ఏప్రిల్ జాయినింగ్ రిపోర్ట్, ఆ నాలుగేండ్ల జీతం పడ్డ బ్యాంక్ స్టేట్‌మెంట్, ఉపాధి హామీ ఇంచార్జ్ ఆర్డర్ కాపీ, ఇవన్ని ఒక్క కవర్ల పెట్టుకోండి. నాది బీరువాల పైన అరల, సర్వీస్ బుక్ జిరాక్స్ పక్కనే ఉంది. అడిగిన రోజు వెతుక్కోవద్దు.